దురదకు మందు, మనసుకు గాభరా

ఎగ్జిమాకు మాత్రలు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు మోచేతి మడతల్లో ఎరుపు తగ్గుతుంది, మోకాళ్ల వెనక రసి ఆరుతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. సరిగ్గా అప్పుడే కొందరికి రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తుంది, మళ్లీ కన్ను మూతపడదు. ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడుతుంది. చేతులు సన్నగా వణుకుతాయి. పిల్లలు కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, కోపం ముంచుకొస్తుంది. అప్పుడు పుట్టే ప్రశ్న ఒకటే: ఒంటిమీద దురదకు మందు వేసుకుంటే మనసుకు ఈ గాభరా ఏమిటి?

చాలామంది దీన్ని వైద్యుల దాకా తీసుకెళ్లరు. చర్మం డాక్టరుగారికి మనసు సంగతి చెప్పడమేమిటని మొహమాటపడతారు. లేకపోతే తామే పిరికివాళ్లమైపోయామని లోపల్లోపల కుమిలిపోతారు. కానీ అడగవలసిన ప్రశ్నే ఇది. దీనికి శాస్త్రం దగ్గర చాలావరకు జవాబు ఉంది. అయితే ఆ జవాబు అన్ని మందులకూ ఒకటి కాదు. ఎగ్జిమాకు వాడే కొన్ని మందులు మనసును నిజంగానే కదిలిస్తాయి, కొన్ని బహు అరుదుగా కదిలిస్తాయి. ఒక్కోసారి మందు తప్పేమీ ఉండదు, కంగారంతా జబ్బుదే.

ఒక మడికని పెట్టిన నీళ్లు

ముందుగా స్టెరాయిడ్ల కథ. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, కీళ్లవాతంతో కదలలేకపోతున్న ఒక యువతికి కొత్త మందు సూదివేశాడు. ఆ మందు అడ్రినల్ గ్రంథుల్లో దొరికే ఒక పదార్థం. దాన్ని వేరుచేసినవాడు ఆయన సహచరుడు ఎడ్వర్డ్ కెండాల్. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ఆ పదార్థమే కార్టిజోన్ అనే స్టెరాయిడ్. 1950లో హెంచ్‌కూ, కెండాల్‌కూ, స్విట్జర్లాండులో ఇదే దారిలో పనిచేసిన టాడియస్ రైక్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. 1952లో మారియన్ సుల్జ్‌బర్గర్, విక్టర్ విటెన్ దీనికి దగ్గర చుట్టమైన హైడ్రోకార్టిజోన్‌ను పూతమందుగా ఎగ్జిమా మీద వాడి చూశారు. చర్మవైద్యం అక్కడ మలుపు తిరిగింది.

ఇంత గుణమున్న మందు మనకు పరాయిదేమీ కాదు. దీని కన్నతల్లి మన ఒంట్లోనే రోజూ తయారవుతుంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును వదులుతుంటాయి. ఎప్పుడు, ఎంత వదలాలో చెప్పేది మెదడు.

చెరువు కింద ఆయకట్టును ఒకసారి తలుచుకోండి. తూము దగ్గర నీరటి ఉంటాడు. తెల్లవారకముందే తూము ఎత్తుతాడు. పొద్దు పొడిచేసరికి కాలవ నిండుగా పారుతుంది. మధ్యాహ్నానికి తగ్గిస్తాడు, రాత్రికి దాదాపు మూసేస్తాడు. కాలవలో మట్టం చూసుకుంటూ తూమును సరిచేయడమే అతని పని. మట్టం పెరిగితే దించుతాడు, తగ్గితే ఎత్తుతాడు. కార్టిసాల్ పారకం ఇలాంటిదే. మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథలామస్, దాని కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి కలిసి నీరటి పని చేస్తాయి. మనం నిద్ర లేచే వేళకు కార్టిసాల్ మట్టం బాగా పైన ఉంటుంది, అర్ధరాత్రి అడుగంటుతుంది. మెలకువ, ఆకలి, రక్తంలో చక్కెర, రోగనిరోధక కణాల దూకుడు, ఇవన్నీ ఆ పారకాన్ని బట్టి నడుస్తాయి.

ఎగ్జిమాలో చర్మం అనే మడి ఎండి బీటలు వారుతోంది. చర్మపు పైపొర బలహీనపడి, తేమ నిలవక, రోగనిరోధక కణాలు అక్కడ అక్కర్లేని అలజడి చేస్తున్నాయి. ఆ మడిని కాపాడాలని మనం ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటాం. అంటే బయటినుంచి మోటారు పెట్టి కాలవలో నీళ్లు పోస్తున్నామన్నమాట. కానీ కాలవలో పోసిన నీళ్లు ఆ ఒక్క మడికే పోవు, ఆయకట్టంతా తడుపుతాయి. ఎముకల మడి ఉంది, కంటి మడి ఉంది, కడుపు మడి ఉంది. మెదడు కూడా ఒక మడే.

ఎన్ని నీళ్లు పోస్తున్నామో కూడా చూడాలి. ఒంట్లో రోజంతా తయారయ్యే కార్టిసాల్, సుమారుగా 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్‌కు సమానం. ఎగ్జిమా ఉధృతమైనప్పుడు వైద్యులు కొద్దిరోజుల పాటు 30, 40 మిల్లీగ్రాములు రాయడం మామూలే. ఆరు నుంచి ఎనిమిది రెట్లు. బీటామెథసోన్ అనే మరో స్టెరాయిడ్ అర మిల్లీగ్రాము మాత్ర చూడటానికి ఇంతే ఉంటుంది గానీ, అది 4 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ పనిచేస్తుంది. మాత్ర చిన్నది కాబట్టి మందు తేలికైనదనుకోవడం తగదు.

మెదడు మడిలో ఏం జరుగుతుంది?

1968లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్ఎవెన్ అనే శాస్త్రవేత్త, ఎలుకల్లో కార్టిసాల్ పాత్ర పోషించే హార్మోను వాటి మెదడులో ఎక్కడికి చేరుతుందో వెతికాడు. అది హిప్పోకాంపస్‌లో గట్టిగా నిలిచి కనిపించింది. జ్ఞాపకాలకూ, భావోద్వేగాలకూ ముడిపడిన భాగం అది. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే పదార్థానికి మనసు నడిచే చోట గ్రాహకాలు ఉండటమేమిటని అప్పట్లో ఆశ్చర్యపోయారు. గ్రాహకం అంటే కణం మీదో లోపలో ఉండి, ఫలానా పదార్థం తగిలితేనే స్పందించే అణువు.

తర్వాత 1985లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త రాన్ డి క్లూట్, ఆయన సహచరుడు ఎలుకల మెదడులో ఈ గ్రాహకాలు రెండు రకాలని చూపించారు. మొదటి రకం హార్మోను కొంచెం ఉన్నా నిండిపోతుంది, రోజంతా దాదాపు నిండే ఉంటుంది. రెండో రకానికి హార్మోను పుష్కలంగా కావాలి. వేకువ వేళా, ఏదైనా ఆపద ఎదురైనప్పుడూ మాత్రమే అది బాగా నిండుతుంది. ఇప్పుడు ఎనిమిది రెట్ల ప్రెడ్నిసలోన్ వచ్చిపడితే, రెండో రకం గ్రాహకాలు రాత్రి పదింటికి కూడా నిండే ఉంటాయి. ఎదురుగా పామూ లేదు, పులీ లేదు. అయినా మెదడుకు రసాయన భాషలో అందుతున్న కబురు "మేలుకో, ఏదో ముంచుకొస్తోంది" అని. నిద్ర రాకపోవడం, దడ, ఉలికిపాటు ఇందులోంచే పుడతాయి. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లలో ఇంకో చిక్కుంది. అవి ముఖ్యంగా రెండో రకానికే అంటుకుంటాయి. వాటిని చూసి నీరటి తూము దించేయడంతో సొంత కార్టిసాల్ తగ్గిపోయి మొదటి రకం గ్రాహకాలు ఖాళీ పడతాయి. మనసు నిలకడ తప్పడానికి ఈ ఎగుడుదిగుడు కూడా ఒక కారణమని డి క్లూట్ బృందం వాదన.

మందు తెచ్చే మార్పు ఎప్పుడూ భయం రూపంలోనే ఉండదు. కొందరికి మొదట్లో అంతులేని ఉత్సాహం వస్తుంది. నిద్ర లేకపోయినా అలసట ఉండదు, మాట ఆగదు, డబ్బు నీళ్లలా ఖర్చుపెడతారు. ఇంట్లోవాళ్లు "మందు బాగా పనిచేస్తోంది, మనిషి హుషారయ్యాడు" అనుకునే ప్రమాదం ఉంది. కార్టిజోన్ తొలిరోజుల్లోనే దీన్ని గమనించారు. అమెరికాలో ఒక బడిపంతులుకు ఈ మందు వల్ల మతి చలించిన ఉదంతాన్ని బెర్టన్ రూషే అనే రచయిత 1955లో న్యూయార్కర్ పత్రికలో రాశాడు. మరుసటేడు దాని ఆధారంగా 'బిగ్గర్ దేన్ లైఫ్' అనే హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. స్టెరాయిడ్లు నెలల తరబడి వాడేవారిలో దిగులు, నిస్తేజం కనిపించవచ్చు.

ఎంతమందికి ఇలా అవుతుంది? 1972లో బోస్టన్ పరిశోధకులు ప్రచురించిన లెక్క నేటికీ వైద్యగ్రంథాల్లో కనిపిస్తుంది. ఆసుపత్రిలో ప్రెడ్నిసలోన్‌కు దగ్గర చుట్టమైన ప్రెడ్నిసోన్ తీసుకుంటున్నవారిలో తీవ్రమైన మానసిక లక్షణాలు రోజుకు 40 మిల్లీగ్రాములూ అంతకు తక్కువా అయితే 1.3 శాతం మందిలో, 80 దాటితే 18.4 శాతం మందిలో కనిపించాయి. అంటే ఇది రోగి గుండెదిటవు మీద కన్నా మోతాదు మీద ఆధారపడే విషయం. మామూలు చిరాకు, నిద్రలేమి, లోపల వణుకు ఇంతకన్నా చాలా ఎక్కువమందికి కలుగుతాయి. సాధారణంగా ఇవి మందు మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లో బయటపడి, మోతాదు తగ్గేకొద్దీ రోజుల్లోనో వారాల్లోనో సర్దుకుంటాయి.

ఇంత స్పష్టంగా తెలిసిన సంగతిని మాత్ర రాసిచ్చేటప్పుడే ఒక్క మాటలో చెబితే ఎంత బాగుంటుంది! "రెండు మూడు రాత్రులు నిద్ర సరిగా పట్టకపోవచ్చు, చిరాకు రావచ్చు, అది మందు వల్లే, ఎక్కువైతే ఫోన్ చెయ్యండి." ఈ మాత్రం తెలిసిన మనిషి తనకు పిచ్చెక్కుతోందని అర్ధరాత్రి ఒంటరిగా భయపడడు.

పూతమందు కూడా మెదడు దాకా వెళుతుందా?

వెళ్లగలదు, కానీ అరుదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే అమెరికన్ పరిశోధకులు హైడ్రోకార్టిజోన్‌ను ఒంటిమీద వేర్వేరు చోట్ల రాసి, ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద ఇంకేది ఒకటనుకుంటే నుదుటి మీద ఆరు, దవడ మూల 13, వృషణాల చర్మం మీద 42. అరిచేతిలో ఒకటి కన్నా తక్కువే. కాబట్టి మోచేతి దగ్గర నాలుగు రోజులు రాసిన సాధారణ పూతమందు వల్ల గాభరా పుట్టిందంటే వేరే కారణం వెతకడం మంచిది.

మాట మారేది ఎక్కడంటే, క్లోబెటసాల్ లాంటి మహా బలమైన పూతను ఒళ్లంతా, నెలల తరబడి రాసినప్పుడు. రోజుకు 2 గ్రాములతోనే అడ్రినల్ గ్రంథుల పని కుంటుపడిన దాఖలాలున్నాయి. పసిపిల్లల్లో ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, పైగా డైపరు కింద, ప్లాస్టిక్ కింద మందు మరింతగా ఇంకుతుంది. ఎంత రాయాలో తెలియడానికి 1991లో లాంగ్, ఫిన్లే అనే వైద్యులు ఒక తేలిక కొలత చెప్పారు. ట్యూబు నుంచి చూపుడువేలి కొస మొదలు మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. రెండు అరచేతుల వెడల్పున్న చోటికి అది చాలు.

మన ఊళ్లలో ఈ కొలతను ఎవరూ చెప్పరు. మందుల షాపులో "దురదకు ఏదైనా ఇవ్వు బాబూ" అంటే క్లోబెటసాల్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబు చేతిలో పడుతుంది. అది ఎగ్జిమానా, ఫంగస్ వల్ల వచ్చిన గుండ్రటి తామరా అని చూసేవారుండరు. 2018లో కేంద్రప్రభుత్వం చాలా స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ నిబంధన కౌంటరు దాకా ఇంకా సరిగా రాలేదు. "ఇంగ్లీషు మందు కాదు, మూలికలే" అని అమ్మేవాటినీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎగ్జిమా పిల్లలకు రాస్తున్న 24 మూలికా పూతలను పరీక్షించి 2003లో ఫలితాలు వెల్లడించారు. వాటిలో 20 పూతల్లో స్టెరాయిడ్ ఉంది.

నిద్ర తెచ్చే మాత్ర, నిద్రపోని పిల్లాడు

దురద అనగానే మనకు గుర్తొచ్చేది అలర్జీ మాత్ర. ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థాన్ని అడ్డుకునే మందు ఇది. ఒకచోట దురద పుట్టించే హిస్టమినే మెదడులో మనల్ని మెలకువగా ఉంచుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ వంటి పాతతరం మందులు మెదడులోకి చొరబడి దాన్ని అడ్డుకుంటాయి, అందుకే నిద్ర ముంచుకొస్తుంది. హైడ్రాక్సిజిన్‌ను ఆందోళన తగ్గించడానికి కూడా వాడతారు. అలాంటి మందే కొందరు చిన్నపిల్లల్లో తలకిందులుగా పనిచేస్తుంది. పిల్లాడు నిద్రపోడు సరికదా గెంతుతాడు, ఏడుస్తాడు, ఒక చోట నిలవడు. పెద్ద వయసువారిలో ఇవే మందులు నోరు ఎండిపోవడం, గుండె వేగం, తికమక తెస్తాయి. సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి తర్వాతి తరం మందులు మెదడులోకి తక్కువగా వెళ్తాయి, ఆ బాధ కూడా తక్కువే.

అసలు ఎగ్జిమా దురదలో హిస్టమిన్ పాత్ర పెద్దది కాదు. ఇంటర్‌ల్యూకిన్-31, ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే కణసందేశాలు అక్కడ ముఖ్యం. అందుకే అలర్జీ మాత్రతో ఎగ్జిమా దురద అంతగా లొంగదు.

ఇంకో మందు పేరు ఇక్కడ చెప్పి తీరాలి. మాంటెలుకాస్ట్. ఉబ్బసానికీ, ముక్కు అలర్జీకీ వాడతారు. మన దేశంలో లీవోసెటిరిజిన్‌తో కలిపి ఒకే మాత్రగా విపరీతంగా అమ్ముడవుతుంది. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో చాలామందికి ఉబ్బసం కూడా ఉంటుంది కాబట్టి ఇది వాళ్ల ఇళ్లకు చేరుతుంది. పీడకలలు, ఆందోళన, దూకుడు, ఆత్మహత్య ఆలోచనల ముప్పు గురించి 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని సమాచార పత్రంలో అత్యంత తీవ్రమైన హెచ్చరిక చేర్చమంది. ఉబ్బసానికి అవసరమై వైద్యులు రాస్తే, పిల్లల నిద్రనూ ప్రవర్తననూ కనిపెట్టి ఉంటూ వాడవచ్చు. ఒట్టి చర్మం దురదకు ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. అందుకోసం ఈ ముప్పు తెచ్చుకోవడం నాకు సమంజసంగా కనిపించదు.

మందా, జబ్బా?

రాత్రంతా గోక్కుంటూ, నెత్తుటి మరకలున్న దుప్పటి మధ్య తెల్లవారేదాకా మేలుకున్న మనిషికి పగలు చిరాకు రాకుండా ఎలా ఉంటుంది? బస్సులో పక్కవాళ్లు జరిగి కూర్చుంటే, పెళ్లిచూపుల్లో పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమంటే మనసు గాయపడకుండా ఎలా ఉంటుంది? ఎగ్జిమా అంటువ్యాధి కాదు. ఆ సంగతి పక్కవాళ్లకు తెలియకపోవడం రోగికి రోజువారీ శిక్ష. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారిలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి.

దీనికి అటువైపు నుంచి కూడా రుజువు ఉంది. డుపిలుమాబ్ అనే సూదిమందు ఇంటర్‌ల్యూకిన్-4, 13ల సందేశాన్ని మాత్రమే అడ్డుకుంటుంది, మనసుకు మందు కాదు. 2016లో వెలువడిన సోలో అనే జంట ప్రయోగాల్లో దీన్ని తీసుకున్నవారికి చర్మం బాగుపడింది, దాంతోపాటే ఆందోళన, కుంగుబాటు కొలతలు కూడా మెరుగుపడ్డాయి. దురద తగ్గితే మనసు కుదుటపడింది.

కాబట్టి కాలం చూడాలి. గాభరా మందుకు ముందునుంచీ ఉందా, మొదలుపెట్టిన రెండు వారాల్లో కొత్తగా వచ్చిందా? మోతాదు పెంచిన రోజున పెరిగి, తగ్గించినప్పుడు తగ్గిందా? చర్మం నెమ్మదించినా మనసు నెమ్మదించలేదా? మాత్ర వేసుకున్న వేళ, నిద్ర పట్టిన గంట, దురద, కంగారు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే వైద్యులకు అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. మరో దొంగ కూడా ఉండవచ్చు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ వల్ల చేతుల వణుకు, గుండె దడ సర్వసాధారణం. జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ వంటివి, అతిగా పనిచేసే థైరాయిడ్ కూడా ఇదే వేషంలో వస్తాయి. తీవ్రమైన ఎగ్జిమాకు వాడే సైక్లోస్పోరిన్ కూడా చేతులు వణికిస్తుంది. ఆ వణుకును భయం అనుకోకూడదు.

తూము ఒక్కసారిగా మూస్తే

గాభరా మందు వల్లేనని తేలగానే చాలామంది చేసే పని మాత్రల పట్టీ అవతల పారేయడం. మూడు వారాలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికి ఇది ప్రమాదం. అన్ని రోజులూ మోటారు నీళ్లు కాలవ నిండా పారుతుంటే నీరటి తూము దించేసి వెళ్లిపోయాడు, తూము బిగుసుకుపోయింది. ఇప్పుడు మోటారు ఆపేస్తే చెరువులో నీళ్లున్నా కాలవ ఎండుతుంది. నీరసం, కళ్లు తిరగడం, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం అందుకే. మోతాదు మెట్లు మెట్లుగా దించితే అడ్రినల్ గ్రంథులు మళ్లీ పనిలోకి దిగుతాయి. అది వైద్యులు చూసుకోవలసిన పని. మాత్రను ఉదయం టిఫిను తిన్నాక వేసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. సహజంగా పారకం ఎక్కువుండే వేళ అదే కాబట్టి రాత్రి నిద్ర తక్కువగా చెడుతుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "ఒక్క సూదితో మాయం" అనే మాటకు లొంగవద్దని అందుకే గట్టిగా చెబుతున్నాను. ట్రయామ్‌సినలోన్ లాంటి స్టెరాయిడ్ సూది కండలో వేస్తే వారాల పాటు కరుగుతూ ఉంటుంది. మాత్రనైతే దించుకోవచ్చు. సూదిలో వెళ్లిన దాన్ని, మనసు ఎంత అల్లాడినా, వెనక్కి తీయలేం.

రెండు మూడు రాత్రులు నిద్రే లేకపోయినా అలసట లేకపోవడం, లేని మాటలు వినిపించడం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం, చనిపోవాలన్న ఆలోచన, ఇవి కనిపిస్తే మరుసటి రోజుకు వాయిదా వేయకూడదు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

తనకో, తోబుట్టువులకో గతంలో కుంగుబాటు, ఉన్మాదం వచ్చి ఉంటే మొదటి మాత్రకు ముందే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. అప్పుడు వాళ్లు వేరే దారి చూస్తారు. ఆ దారుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు అది. మొదట క్యాన్సర్ కోసం పుట్టి, తర్వాత తక్కువ మోతాదులో కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ, మొండి ఎగ్జిమాకూ పనికొచ్చింది. దీనికి కాలేయం, రక్తకణాల పరీక్షలు అవసరం, గర్భం దాల్చే ఆలోచన ఉన్నవారు వాడకూడదు. పైగా వేసుకునేది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. కాబట్టి చీటీ మీద సోమవారమో గురువారమో ఆ రోజు పేరు తెలుగులో రాయించుకోవాలి.